కంప్యూటర్లు ‘స్పీడ్ చేస్తాం’ అనేవాళ్లకు డబ్బు కట్టే ముందు ఇది చదవండి

ఒక సర్వర్, దానికి కలిపిన పది పన్నెండు కంప్యూటర్లతో నడిచే చిన్న ఆఫీసుల వాళ్లందరికీ ఈ హెచ్చరిక. పొద్దున పాస్‌వర్డ్ కొట్టాక ‘ప్లీజ్ వెయిట్’ అంటూ ఆ చక్రం తిరుగుతూనే ఉంటే, విసుగొచ్చి ఎవరినో ఒకరిని పిలుస్తాం. మేమూ అలాగే పిలిచాం. వచ్చినవాళ్లు పదకొండు సిస్టమ్‌లకు ఏడాది లైసెన్సుతో ఒక స్పీడ్ సాఫ్ట్‌వేర్, నాలుగింటికి అదనపు ర్యామ్ అంటగట్టారు. అంతకుముందు కొన్ని సిస్టమ్‌లలో మూడు నిమిషాలు పట్టే లాగిన్, వాళ్లు వెళ్లాక అన్నింట్లోనూ ఆరేడు నిమిషాలకు చేరింది.

మేం ఎక్కడ నమ్మామో ముందు చెప్తాను, ఎందుకంటే మీకూ ఇదే చూపిస్తారు. సాఫ్ట్‌వేర్ వేశాక మా ముందే లాగాఫ్ చేసి వెంటనే మళ్లీ లాగిన్ అయ్యారు. పది సెకన్లలో డెస్క్‌టాప్ వచ్చేసింది. అందరం సంతోషపడ్డాం. కానీ అప్పటికే సిస్టమ్ నడుస్తోంది, నెట్‌వర్క్ కలిసి ఉంది, కావాల్సిన ఫైళ్లు మెమరీలో ఉన్నాయి. అలాంటప్పుడు రెండోసారి లాగిన్ ఏ సాఫ్ట్‌వేర్ లేకున్నా త్వరగానే అవుతుంది. పూర్తిగా ఆపిన సిస్టమ్‌ను పొద్దున ఆన్ చేసి చూపించమని అడగాల్సింది. అడగలేదు.

ఆ తర్వాత తెలిసినతను ఒకరు వచ్చి, ఏమీ కొనకుండా చేసిన పరీక్ష ఇది. సిస్టమ్ ఆపి, నెట్‌వర్క్ కేబుల్ పీకేసి, ఆన్ చేసి, రోజూ వాడే పాస్‌వర్డ్‌తోనే లాగిన్ అవ్వండి. వైఫై ఉంటే అదీ ఆపాలి. ఆ సిస్టమ్‌లో ఇదివరకు లాగిన్ అయినవాళ్ల వివరాలు విండోస్ దాచుకుంటుంది, మార్చకపోతే పది మందివి. అందుకే సర్వర్ అందకపోయినా లోపలికి రానిస్తుంది. కేబుల్ లేనప్పుడు చకచకా వచ్చి, కేబుల్ పెడితే నిమిషాలు పడుతుంటే తప్పు కంప్యూటర్‌ది కాదు, నెట్‌వర్క్‌లో అది దేనికోసమో ఎదురుచూస్తోంది. మా దగ్గర కేబుల్ లేకుండా ముప్పై సెకన్లు కూడా పట్టలేదు. ఈ ఒక్క పరీక్ష ముందే తెలిసుంటే మేం ర్యామ్ కొనేవాళ్లమే కాదు.

అసలు తప్పులు రెండు దొరికాయి.

మొదటిది పాతది, మా వల్లే జరిగింది. ఎప్పుడో తీసేసిన పాత సర్వర్‌లోని ఫోల్డర్ ఒకటి కొన్ని సిస్టమ్‌లలో ఇంకా డ్రైవ్‌గా మిగిలిపోయింది. లాగిన్ అయిన ప్రతిసారీ సిస్టమ్ ఆ లేని సర్వర్‌ను వెతికి, జవాబు రాక, చాలాసేపు ఆగి అప్పుడు వదిలేసేది. ఎవరో తీసుకెళ్లిపోయిన నెట్‌వర్క్ ప్రింటర్ ఒకటి కూడా అలాగే ఉంది. ఆ డ్రైవ్‌నూ ప్రింటర్‌నూ తీసేయడానికి సిస్టమ్‌కు రెండు నిమిషాలు చాలు.

రెండోది స్పీడ్ చేస్తామని వచ్చినవాళ్లు చేసిపోయింది. ‘ఇంటర్నెట్ కూడా ఫాస్ట్ అవుతుంది’ అంటూ అన్ని సిస్టమ్‌లలో డీఎన్ఎస్ (పేరు అడిగితే దాని నెట్‌వర్క్ అడ్రస్ చెప్పే సర్వీసు) అడ్రస్ 8.8.8.8 అని మార్చేశారు. అది గూగుల్ నడిపే డీఎన్ఎస్. వెబ్‌సైట్లకు మంచిదే. కానీ డొమైన్‌లో (అందరి లాగిన్‌లనూ ఆఫీసు సర్వరే చూసుకునే ఏర్పాటులో) ఉన్న కంప్యూటర్ లాగిన్ సమయంలో ‘మన డొమైన్ సర్వర్ ఎక్కడుంది’ అని డీఎన్ఎస్‌నే అడుగుతుంది. మన ఆఫీసు లోపలి సర్వర్ పేరు బయటి డీఎన్ఎస్‌కు ఎలా తెలుస్తుంది? తెలియదు. సిస్టమ్ మళ్లీ మళ్లీ అడుగుతూ కూర్చుంటుంది. మా షేర్డ్ ఫోల్డర్లు ఒక్కోరోజు కనపడకుండా పోవడానికీ ఇదే కారణం.

మీ దగ్గర చూసుకోవాలంటే కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఆల్ (ipconfig /all) కొట్టండి. డీఎన్ఎస్ సర్వర్స్ అన్న చోట మీ డొమైన్ సర్వర్ అడ్రస్సే ఉండాలి. రౌటర్‌ది కాదు, బయటిది కాదు. ‘మొదటి గడిలో సర్వర్ ఉంచి, రెండో గడిలో బయటిది పెడదాం’ అన్నా ఒప్పుకోకండి. సర్వర్ ఒక్కసారి ఆలస్యంగా పలికితే సిస్టమ్ రెండోదాని వైపు వెళ్లిపోతుంది, మళ్లీ అదే కథ. బయటి వెబ్‌సైట్ల అడ్రసులు తెచ్చే పని సర్వర్‌లోని డీఎన్ఎస్‌కే ఫార్వర్డర్ (తనకు తెలియని పేర్లను బయటి డీఎన్ఎస్‌ను అడిగే సెట్టింగ్) పెట్టి అప్పగించాలి. డొమైన్ లేకుండా ఊరికే రౌటర్‌కు కలిపిన సిస్టమ్‌లైతే ఈ డీఎన్ఎస్ గొడవ మీకు ఉండదు, కానీ లేని డ్రైవ్‌లు, ప్రింటర్ల సంగతి మీకూ వర్తిస్తుంది.

ఆ సాఫ్ట్‌వేర్ చేసిందేమిటో కూడా విడదీసి చూశాం. స్టార్టప్‌లో మొదలయ్యే ప్రోగ్రాములు కొన్ని ఆపింది. ఇది టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ ట్యాబ్‌కు వెళ్లి ఎవరైనా ఉచితంగా చేసుకోవచ్చు, ఏది ఎంత బరువో అక్కడే రాసి ఉంటుంది. అదే ట్యాబ్‌లో ఆ స్పీడ్ సాఫ్ట్‌వేర్ పేరు పక్కన ‘హై’ అని కనపడింది. చూసినప్పుడు చాలా బాధేసింది. రిజిస్ట్రీని (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) శుభ్రం చేశామని కూడా చెప్పారు. అలాంటి రిజిస్ట్రీ క్లీనర్లు వాడటాన్ని తాము సమర్థించబోమని మైక్రోసాఫ్టే చెప్తోంది.

కొనడమే తప్పని నేను అనట్లేదు. మా రెండు సిస్టమ్‌లలో ఇంకా పాత హార్డ్ డిస్కులే ఉండేవి, ఆన్ చేశాక చాలాసేపు టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం దగ్గరే ఉండేది. వాటికి ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కన్నా వేగంగా పనిచేసే డిస్క్) వేయిస్తే తేడా కళ్లకు కనిపించింది. ర్యామ్ మాత్రం వేయించక ముందు సగం కూడా వాడకంలో లేదు, ఆ సంగతి కూడా అక్కడే కనపడేది.

ఎవరికైనా పని అప్పగించే ముందు లెక్క చూపించమనండి. ఈవెంట్ వ్యూయర్‌లో (సిస్టమ్‌లో జరిగినవి విండోస్ రాసుకునే చిట్టా చూపించే ప్రోగ్రాం) డయాగ్నస్టిక్స్ పెర్ఫార్మెన్స్ లాగ్ తెరిస్తే, 100 నంబరు ఈవెంట్‌లో సిస్టమ్ మొదలవడానికి పట్టిన సమయం మిల్లీసెకన్లలో ఉంటుంది. గ్రూప్ పాలసీ (సర్వర్ నుంచి అన్ని సిస్టమ్‌లకూ వచ్చే సెట్టింగులు) లాగ్‌లో 8001 నంబరు ఈవెంట్, లాగిన్ సమయంలో పాలసీలకు ఎన్ని సెకన్లు పట్టిందో చెప్తుంది. పనికి ముందు ఒకసారి, తర్వాత మర్నాడు పొద్దున ఒకసారి ఆ అంకెలు రాసుకోండి. మా దగ్గరికి వచ్చినవాళ్లు ఈ రెండింటిలో ఒక్కటీ తెరవలేదు, నేరుగా కొటేషన్ తీశారు. ఏ సెట్టింగ్ మార్చారో కాగితం మీద రాసివ్వమని కూడా అడగండి. డీఎన్ఎస్ మార్చిన సంగతి మాకు ఎవరూ చెప్పలేదు, దాన్ని కనిపెట్టడానికే ఒక రోజంతా పట్టింది.

డీఎన్ఎస్ సరిచేసి, పాత డ్రైవ్‌లు తీసేశాక ఇప్పుడు మా లాగిన్ నలభై సెకన్లలోపే అవుతోంది. డబ్బు వెనక్కి అడిగితే ‘లైసెన్స్ యాక్టివేట్ అయిపోయింది, కుదరదు’ అన్నారు. ఆ లైసెన్సులకు ఆటో రెన్యువల్ పెట్టి ఉందని బిల్లులో చివరి లైన్ చూస్తే తెలిసింది. మీలో ఎవరైనా ఇలాంటిది ఇప్పటికే కొని ఉంటే ఈరోజే ఆ లైన్ వెతికి, కార్డు మీద రెన్యువల్ ఆపించుకోండి.