బాల నేరారోపితుల విచారణ: 2000 చట్టం, 2015 చట్టం

2000 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం కింద, నేరం ఎంత ఘోరమైనదైనా, పద్దెనిమిదేళ్లు నిండనివారి కేసును జువెనైల్ జస్టిస్ బోర్డే (ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉండే బాలల విచారణ మండలి) విచారించేది. నేరం రుజువైన బాలలను ప్రత్యేక గృహంలో (వారిని సంస్కరించే వసతి గృహంలో) ఉంచే గడువు మూడేళ్లు దాటేది కాదు.

2015 చట్టం ప్రకారం, కనీస శిక్ష ఏడేళ్లో అంతకు మించో ఉన్న నేరం 16 నుంచి 18 ఏళ్లవారిపై మోపితే, వారి మానసిక, శారీరక సామర్థ్యాన్ని, పర్యవసానాలను గ్రహించే శక్తిని, ఘటన పరిస్థితులను బోర్డు ముందుగా మదింపు చేసి, కేసును బాలల న్యాయస్థానానికి పంపవచ్చు. అక్కడ పెద్దల మాదిరిగా విచారించినా మరణశిక్ష వేయరాదు.

పాత పద్ధతిలో పదో తరగతి ధ్రువపత్రంతో వయసు తేలితే దారి తేలిపోయేది. కొత్తదానిలో చిక్కంతా మదింపులోనే ఉంది: నేరం నాటి మనసును తర్వాతెప్పుడో అంచనా కట్టాలి. బోర్డులో బాలల మనస్తత్వం చదివినవారు లేకుంటే నిపుణుల సాయం తప్పనిసరని సుప్రీంకోర్టు 2022లో చెప్పేదాకా అది, నా దృష్టిలో, సభ్యుల అభిప్రాయానికే వదిలేసిన వ్యవహారం.