కనుమ పండక్కి లైకిపియా పశువుల రాంచ్‌లో మూడు రాత్రులు

ఈసారి సంక్రాంతి సెలవులకి ఊరు వెళ్లలేదు. అమ్మని కూడా వెంటపెట్టుకుని కెన్యా వెళ్లాం. మేమిద్దరం, 13 ఏళ్ల పాప, 9 ఏళ్ల బాబు, 62 ఏళ్ల అమ్మ. కెన్యా అనగానే అందరూ మసాయి మారా అభయారణ్యం అంటారు. మేమూ అక్కడ రెండు రాత్రులున్నాం. కానీ ఇంటికొచ్చాక పిల్లలూ అమ్మా మాట్లాడుకునేదంతా అంతకుముందు లైకిపియాలో గడిపిన మూడు రాత్రుల గురించే. అందుకే దాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

లైకిపియా అంటే మౌంట్ కెన్యాకి వాయవ్యంగా ఉండే పీఠభూమి. నైరోబీ నుంచి నాన్యుకి ఊరు దాదాపు 200 కిలోమీటర్లు, కారులో నాలుగు గంటలు పట్టింది. అక్కడి నుంచి రాంచ్‌కి ఇంకో గంటన్నర మట్టి రోడ్డు. దారిలో భూమధ్యరేఖ బోర్డు దగ్గర ఆగితే, నీళ్లు అటు ఒకలా ఇటు ఒకలా సుడి తిరుగుతాయని చిల్లు గిన్నెతో చూపిస్తారు. అంత చిన్న గిన్నెలో నీళ్ల మీద భూభ్రమణం ప్రభావం కనపడదు, పోసే పద్ధతిని బట్టే సుడి తిరుగుతుంది. పిల్లలకి ఆ మాట అక్కడే చెప్పేయండి.

మేం దిగిన లాడ్జ్ టూరిస్టుల కోసమే కట్టింది కాదు. అది నిజంగానే పశువుల్ని పెంచే రాంచ్. వేల ఎకరాల మేత భూమిలో బోరన్ అనే జాతి పశువుల్ని పెంచుతారు, అదే భూమిలో ఏనుగులు, సింహాలు, జిరాఫీలు తిరుగుతాయి. బోరన్ పశువులకి మన వాటిలాగే మూపురం ఉంటుంది. అమ్మ పుట్టిల్లు ఒంగోలు దగ్గర. మొదటి మంద కనపడగానే జీపు ఆపించింది. తెల్లటి ఒళ్లు, గంగడోలు, మూపురం చూసి "వీటిని ఇంత దూరం ఎవరు తోలుకొచ్చారే" అంది. ఇవి పాల కోసం కాదు, మాంసం కోసం పెంచేవని గైడ్ చెప్పాక చాలాసేపు మాట్లాడలేదు. శాకాహారులు ఎవరైనా వెళ్తుంటే ఈ సంగతి ముందే తెలుసుకుని వెళ్లడం మంచిది.

రోజూ సాయంత్రం ఆరింటికి మందని దొడ్లోకి తోలడం చూడటానికి తీసుకెళ్లేవారు. దొడ్డిని అక్కడ బోమా అంటారు. ఇదివరకు ముళ్లకంపతో కట్టేవారట. సింహం బయట తచ్చాడితే పశువులు బెదిరి, కంప తొక్కుకుని చీకట్లోకి పారిపోయేవి, అప్పుడు సింహానికి దొరికేవి. ఇప్పుడు విడదీసి మళ్లీ బిగించగలిగే ఇనుప పలకలతో కడుతున్నారు. లోపల పశువులు బెదిరినా బయటపడలేవు. పశువులు పోకపోతే సింహానికి విషం పెట్టాలన్న కోపమూ రాదు. సింహాల్ని కాపాడటమంటే తుపాకులు పట్టుకుని కాపలా కాయడమే అనుకునేదాన్ని. ఇక్కడ ఆ పని చాలావరకు ఒక దొడ్డి చేస్తోంది.

ఇరుకు గేటు దగ్గర ఇద్దరు కాపరులు చెరో పక్క నిలబడి, కర్ర ఆడిస్తూ ఒక్కొక్క పశువునీ లెక్కపెడతారు. ఇద్దరి లెక్కా కలవాలి. ఒక రోజు ఒకటి తేడా వచ్చింది. చీకటి పడుతున్నా మందంతా బయటికి తోలి మళ్లీ లెక్కపెట్టారు. మా బాబు ఊపిరి బిగబట్టి తనూ లెక్కపెట్టాడు. ఈసారి సరిపోయింది.

కొన్ని రోజులకోసారి బోమాని విప్పి ఇంకోచోటికి మారుస్తారు. పాత చోట పేడ, మూత్రం పడి గట్టి నేల మెత్తబడుతుంది, వానలకి పచ్చగడ్డి లేస్తుంది. గైడ్ ఇదంతా వివరించబోతుంటే అమ్మ మధ్యలోనే, "పొలంలో గొర్రెల మంద కట్టిస్తాం కదా, అదే ఇది" అనేసింది. నేను ఇంగ్లీషులో చెబితే గైడ్ నవ్వి, తర్వాత మమ్మల్ని అలాంటి పాత బోమాల దగ్గరికే తీసుకెళ్లాడు. ఎండిన మైదానంలో గుండ్రటి పచ్చటి మచ్చలు, వాటిలో జీబ్రాలు, ఇంపాలాలనే జింకలు మేస్తున్నాయి. పిడుదుల సంగతి కూడా అతనే చెప్పాడు. పశువుల్ని క్రమం తప్పకుండా మందు నీళ్లలో ముంచి తోలతారు కాబట్టి గడ్డిలోని పిడుదులు వాటికి పట్టుకుని చచ్చిపోతాయి, అడవి జంతువులకి ఆ బాధ కొంత తగ్గుతుంది. అయినా ప్యాంటుని సాక్సుల్లోకి దోపుకునే నడవండి.

ఇక్కడి జీబ్రాల్లో కొన్ని గ్రెవీస్ జాతివి. సన్న చారలు, తెల్లటి పొట్ట, పెద్ద గుండ్రటి చెవులు. ప్రపంచం మొత్తం మీద 3,000 దాకా మాత్రమే ఉన్నాయి, ఎక్కువ భాగం ఉత్తర కెన్యాలోనే. మన వేలిముద్రల్లా ఏ రెండింటి చారలూ ఒకలా ఉండవు. అందుకే మామూలు జనం తీసిన ఫొటోలతో కూడా వీటిని లెక్కపెట్టే గ్రేట్ గ్రెవీస్ ర్యాలీని 2016లో మొదలుపెట్టారు. పాప తన ఫోన్లో 40 ఫొటోలు తీసి, రాత్రి మంచం మీద కూర్చుని ఏది ఏదో పోల్చుకుంటూనే ఉంది.

ఇంకో విషయం పిల్లలకి చెప్పాను, ఇక్కడా రాస్తాను. ఈ భూములు ఒకప్పుడు పశువుల్ని మేపుకుని బతికే మసాయి తెగవాళ్ల మేత భూములు. 1904లో బ్రిటిష్‌వాళ్లు చేసుకున్న ఒప్పందంతో రిఫ్ట్ లోయలోని మసాయిల్ని కొంతమందిని ఇక్కడికి, కొంతమందిని దక్షిణానికి పంపారు, 1911 ఒప్పందంతో ఇక్కడివాళ్లనీ దక్షిణానికి పంపేశారు. ఆ తర్వాతే ఈ పెద్ద రాంచ్‌లు వచ్చాయి.

రెండో రోజు ఓల్ పెజెతా కన్సర్వెన్సీకి, అంటే అడవి జంతువుల్ని కాపాడే ప్రైవేటు భూమికి, వెళ్లాం. అదీ బోరన్ పశువుల రాంచే. ప్రపంచంలో మిగిలిన ఆఖరి రెండు ఉత్తర తెల్ల ఖడ్గమృగాలు అక్కడున్నాయి. 1989లో పుట్టిన నజిన్, 2000లో పుట్టిన దాని కూతురు ఫాతు. ఆఖరి మగది, సుడాన్, 2018 మార్చిలో చనిపోయింది. ఫాతు గడ్డి పీకుతున్న చప్పుడు జీపులోకి వినపడుతోంది. పక్కన రాత్రీ పగలూ సాయుధ కాపలా. అమ్మ ఒక్కటే మాట అడిగింది: "ఈ రెండూ పోతే ఇక లేవా?" ఫాతు అండాలతో ల్యాబ్‌లో పిండాలు తయారుచేశారని, దక్షిణ తెల్ల ఖడ్గమృగాల ఆడవాటి గర్భంలో పెట్టే ప్రయత్నం జరుగుతోందని చెప్పాను.

ఇక సదుపాయాలు. గదులు శుభ్రంగా ఉన్నాయి. రాత్రుళ్లు బాగా చలి, పక్కలో వేడినీళ్ల రబ్బరు సంచి పెట్టి వెళ్తారు. కరెంటు సోలార్‌ది, హెయిర్ డ్రయర్ పనిచేయదు. చీకటి పడ్డాక కాపలావాళ్లు తోడు లేకుండా గది దాటనివ్వరు. భోజనంలో మొదటి రోజు శాకాహారం అంటే ఉడకబెట్టిన కూరముక్కలు, పాస్తా మాత్రమే. అమ్మ సరిగ్గా తినలేదు. మీరు తినేదే పెట్టండని వంటాయన్ని అడిగితే మర్నాటి నుంచి ఉగాలి, ఆకుకూర, చపాతీ, పొద్దున్నే రాగి జావ వచ్చాయి. ఉగాలి అంటే తెల్ల మొక్కజొన్న పిండితో చేసే సంకటే. అమ్మ ముద్దలు చేసుకుని తింది.

నాకు కోపం వచ్చినవి రెండు. 12 ఏళ్లలోపు పిల్లల్ని అడవిలో నడక టూర్‌కి తీసుకెళ్లరని మాకు ముందు చెప్పలేదు. బాబు బూట్లు వేసుకుని రెడీ అయ్యాక చెప్పారు, వాడు ఏడ్చేశాడు. రూల్ సరైనదే, చెప్పాల్సింది బుకింగ్ అప్పుడు. రెండోది, రోజుకి తలకింత అని కట్టే కన్సర్వేషన్ ఫీజు మా ట్రావెల్ ఏజెంటు ఇచ్చిన రేటులో లేదు. అక్కడికెళ్లాక కట్టాం. అన్ని ఫీజులూ కలిపి రాతపూర్వకంగా తీసుకోండి.

మారాలో జంతువులు ఎక్కువ, అది ఒప్పుకోవాలి. రెండు రోజుల్లో 11 సింహాల్ని చూశాం. కానీ ఒక్కో సింహం చుట్టూ డజను బళ్లు. అక్కడ విదేశీ పెద్దలకి రోజు ఫీజు 2024 నుంచి జనవరి-జూన్‌లో 100 డాలర్లు, జూలై తర్వాత 200. రాంచ్‌లో ఒక పొద్దుటి పూటంతా తిరిగితే జిరాఫీలు, డిక్‌డిక్‌లనే బుల్లి జింకలు తప్ప ఏమీ కనపడలేదు. సింహాన్ని చూడనేలేదు, మూడో రాత్రి అరుపు మాత్రం విన్నాం. రెండు మూడు రోజులే ఉండి, సింహాలు చూసి తీరాలంటే మారాకే వెళ్లండి. పిల్లలతో నిదానంగా గడపాలంటే నేను మళ్లీ రాంచ్‌కే వెళ్తాను.

వీసా బదులు ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఈటీఏ, అంటే ముందస్తు ప్రయాణ అనుమతి, తీసుకోవాలి. ఎల్లో ఫీవర్ టీకా కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. 60 దాటినవాళ్లు డాక్టర్ని అడగకుండా వేయించుకోవద్దు. టీకా కార్డు లేకపోతే తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులోనే ఆపేస్తారు. ప్లాస్టిక్ కవర్లు కెన్యాలో 2017 నుంచి నిషేధం, సూట్‌కేసులో ఉంటే తీసేయండి.

మూడో రోజు కనుమ. అమ్మ పసుపు కుంకుమ సంచిలో తెచ్చుకుంది, నాకు చెప్పలేదు. పశువుకి బొట్టు పెట్టొచ్చా అని గైడ్‌తో అడిగించింది. కాపరి కాసేపు ఆలోచించి, మంద ముందు నడిచే ముసలి ఎద్దుని కొమ్ము పట్టుకుని తీసుకొచ్చాడు. అమ్మ దాని నుదుటికి పసుపు రాసి, బొట్టు పెట్టి, దణ్ణం పెట్టుకుంది. దాని పేరేంటని అడిగితే కాపరి ఏదో అన్నాడు. ఒంటి రంగుని బట్టి పెట్టిన పేరట. మన ఊళ్లో ఎర్రోడు, కర్రోడు అన్నట్టే. సాయంత్రం లెక్క దగ్గర ఆ ఎద్దు వచ్చేసరికి పసుపంతా దుమ్ములో కలిసిపోయింది, బొట్టు మాత్రం మిగిలింది. కాపరి కర్రతో దాన్ని చూపించి, అమ్మ వైపు చెయ్యి ఊపి, మళ్లీ లెక్కలో పడ్డాడు.