కాఫీ పెట్టె మీద కనపడని కోడ్: అల్లిపురం ప్రెస్‌తో నా అనుభవం

ముందే చెప్తున్నా, ప్రెస్ పేరు రాయను. దొంగచాటుగా వేయించుకున్న కోడ్ ఎక్కడ వేయించానో నేనే ఊరంతా చాటితే ఇక దాచడం దేనికి? పైగా తిట్టాల్సినవి కూడా కొన్ని ఉన్నాయి. విశాఖ అల్లిపురంలో ఒక సందు, కింద ఆఫ్‌సెట్ మెషీన్లు, మెట్ల కింద చీకటి గదిలో స్క్రీన్ ప్రింటింగ్, అంటే చట్రానికి బిగించిన సన్నని జాలీ గుండా సిరా దింపి అచ్చేయడం. ఆ వివరం చాలు.

నేను ఎంవీపీ కాలనీలో మా మేడ మీద ఫిల్టర్ కాఫీ పొడి చేసి అమ్ముతాను. గింజలు అరకు వైపు నుంచి వస్తాయి. 200 గ్రాముల పౌచ్, దానికి పైన అట్టపెట్టె. మద్దిలపాలెం నుంచి మధురవాడ దాకా కిరాణా కొట్లకి వేస్తాం. 2019లో అరకు కాఫీకి జీఐ గుర్తింపు, అంటే ఆ ప్రాంతపు ప్రత్యేక సరుకన్న అధికారిక ముద్ర, వచ్చింది. ఆ పేరు పెట్టె మీద ఉంటే అడిగి మరీ కొంటున్నారు. మాకు తిప్పలు కూడా ఆ పేరుతోనే వచ్చాయి. మార్చిలో ఒకావిడ ఫోన్ చేసి "ఏటమ్మా, ఈసారి పొడి చింతపిక్కల వాసనొస్తోంది" అన్నారు. పెట్టె తెప్పించి చూస్తే అచ్చం మాదే. అదే రంగు, అవే అక్షరాలు. వెనక క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే మా వాట్సాపే తెరుచుకుంది! కోడ్ అన్నది ఎంత గొప్పదైనా బొమ్మే కదా, జిరాక్స్ తీసినా పనిచేస్తుంది. లోపల పొడి మాత్రం మాది కాదు.

మా ఆడపడుచు భర్త పరవాడ ఫార్మా సిటీలో ప్యాకింగ్ చూస్తారు. 2023 ఆగస్టు నుంచి 300 మందుల బ్రాండ్లకి క్యూఆరో బార్‌కోడో తప్పనిసరి చేశారు కదా, ఆ పని మీద బాగా అనుభవం ఉంది. "చెల్లెమ్మా, కనిపించే కోడ్ కొనేవాళ్లకి, కనపడని కోడ్ నీకు. యూవీ టార్చ్, అంటే అతినీలలోహిత కాంతి టార్చ్, వేస్తే వెలిగే సిరాతో ఇంకోటి వేయించుకో" అన్నారు. అలా అల్లిపురం వెళ్లాను.

అక్కడ మొదటి గంట అపార్థంతోనే సరిపోయింది. ఓనర్ గారు "యూవీయా? రోజూ చేస్తున్నాం" అని ఒక శుభలేఖ చూపించారు. వినాయకుడి బొమ్మ ఒక్కటే నిగనిగలాడుతోంది. అది వేరే సంగతి. ఆ వార్నిష్‌ని యూవీ దీపం కింద ఆరబెడతారు కాబట్టి దానికా పేరు. నాకు కావాల్సింది మామూలు వెలుతురులో కనపడకుండా, 365 నానోమీటర్ల (అంటే కంటికి దాదాపు కనపడని యూవీ కాంతి) టార్చ్ పడితే వెలిగే సిరా. ఇది తెలిసినవారు ఆ ప్రెస్‌లో ఒక్క స్క్రీన్ మేస్త్రి గారే. ఈ రివ్యూలో ఉన్న మంచి మాటలన్నీ ఆయన ఖాతాలోనే వేసుకోండి.

కోడ్ చిన్నది చేశాం. 21 గడులు అడ్డం, 21 నిలువు, అంటే క్యూఆర్‌లో అన్నిటికంటే చిన్న సైజు. కోడ్ కొంత చెరిగినా చదవగలిగే హెచ్ లెవెల్ పెట్టినా అందులో 17 అంకెలు పడతాయి, మా లాట్ నంబర్‌కి 12 చాలు. గడి ఒక మిల్లీమీటరు, చుట్టూ నాలుగు గడుల ఖాళీ, మొత్తం 29 మిల్లీమీటర్లు. ఇంతకంటే సన్నగా వేస్తే స్క్రీన్‌లో సిరా అలుక్కుపోతుందని మేస్త్రి గారే చెప్పారు.

ప్రూఫ్, అంటే ముందుగా వేసి చూపే నమూనా, అద్భుతంగా వచ్చింది. పచ్చగా వెలిగింది. సంతోషంగా 500 పెట్టెలకి ఓకే చెప్పాను. పెట్టెలు ఇంటికొచ్చాక టార్చ్ వేస్తే పెట్టె పెట్టెంతా నీలంగా భగ్గుమంది, కోడ్ ఆ వెలుగులో కలిసిపోయింది. ఫోన్ చేస్తే ఓనర్ గారు "మీ టార్చ్ మంచిది కాదేమో మేడమ్" అన్నారు. అందులో సగం నిజమే, ఒప్పుకుంటాను. జగదాంబ దగ్గర కొన్న నా టార్చ్ 395 నానోమీటర్లది, దాని ఊదా వెలుగే కళ్లలో కొడుతుంది. మర్నాడు వాళ్ల 365 టార్చ్‌తో చూశాం. అయినా అదే నీలం.

మేస్త్రి గారు ఏమీ మాట్లాడకుండా తలుపు వేశారు. జేబులోంచి 500 నోటు తీసి నా పెట్టె పక్కన పెట్టి టార్చ్ వేశారు. నోటు కాగితం నల్లగా ఉండిపోయింది, నంబరూ అక్కడక్కడ సన్నని పోగులూ మాత్రం వెలిగాయి. పెట్టె మళ్లీ భగ్గుమంది. తర్వాత టార్చ్ తన చొక్కా మీదకి తిప్పారు. చొక్కా కూడా అలాగే నీలంగా వెలిగింది! "సబ్బు పొడిలో తెల్లగా కనపడ్డానికి ఏటి కలుపుతారో, ఈ అట్టలోనూ అదే రకం కలుపుతారమ్మా. నోటు కాయితంలో అది ఉండదు. మనం ప్రూఫ్ వేసింది వేరే అట్ట మీద" అన్నారు. ఆ ఒక్క నిమిషంలో నాకు అర్థమైనంత, ఓనర్ గారితో పది ఫోన్లలో అర్థం కాలేదు. అట్ట మార్చేటప్పుడు నాకు ఒక్క మాట చెప్పకపోవడం మాత్రం ప్రెస్ తప్పే.

రెండో విడతలో మూడు రకాల అట్టలు ముందేసి, టార్చ్ కింద నల్లగా ఉండిపోయినది తీసుకున్నాం. కాస్త మీగడ రంగు, రేటు కొంచెం ఎక్కువ. ఈసారి కోడ్ కంటికి స్పష్టంగా కనిపిస్తోంది, నా ఫోన్ మాత్రం చదవదు. క్యూఆర్ అంటే తెల్ల నేల మీద నల్ల గడులు కదా, మాది నల్ల నేల మీద వెలిగే గడులు. కొన్ని యాప్‌లు తిరగేసి చదువుకుంటాయట, నాది చదవలేదు. మళ్లీ స్క్రీన్ తయారుచేశారు, ఈసారి చుట్టూ నేలంతా వెలిగేలా, గడులు ఖాళీగా ఉండేలా. టార్చ్ వేసి ఫోన్ పెట్టగానే టక్కున చదివింది. ఆ స్క్రీన్‌కి డబ్బులు తీసుకోలేదు.

మూడో తంటా మా అమ్మాయి పట్టుకుంది. పెట్టెని ట్యూబ్‌లైట్ కింద ఏటవాలుగా తిప్పి "అమ్మా, ఇక్కడ చదరంగా ఏదో మెరుస్తోంది" అంది. రంగు లేని సిరా అయినా దాని మెరుపు వేరుగా ఉంటుంది. అందుకని పెట్టె మొత్తానికి మ్యాట్ వార్నిష్ కొట్టించాం, యూవీని అడ్డుకునే రకం కాదని ముందు ఒక ముక్క మీద చూసుకుని మరీ. వెలుగు కొద్దిగా తగ్గింది, చదరం మాయమైంది.

ఇంకొకటి, తడి సరిగ్గా ఆరకముందే దొంతర పెట్టేశారు. మన సముద్రం గాలికి జూలైలో ఉతికిన బట్టలే ఆరవు. ఒక వందకి పైగా పెట్టెల లోపలి వైపు కింది పెట్టె కోడ్ తిరగబడి దయ్యంలా అంటుకుంది. బయటికి తెలియదు కాబట్టి వాడేశాను. మీరు వెళ్తే మాత్రం ర్యాక్‌లో ఆరబెట్టమని దగ్గరుండి చెప్పండి.

పెట్టెకి రూపాయి ఎనభై పైసలు అదనంగా పడింది. సార్థకమైందా అంటే, ఆగస్టులో ఒక కొట్టాయన పాడైన సరుకు అని 12 పెట్టెలు వాపసు ఇచ్చాడు. డెలివరీ కుర్రాడు కౌంటర్ కిందకి వంగి ఒక్కోటీ టార్చ్ వేసి చూసి "అక్కా, ఐదు మనవి కావు" అని ఫోన్ చేశాడు. కొట్టాయన ఇక మాట్లాడలేదు. ఆ ఐదూ ఎక్కడ కొన్నాడో తర్వాత తనే చెప్పాడు.

అలాగని అన్నిటికీ ఇదే మందు అనుకోకండి. కోడ్ చెప్పేది పెట్టె మాదని మాత్రమే, పొడి మాదని కాదు. ఖాళీ పెట్టెలు ఏరుకొచ్చి నింపేవాడికి ఇది అడ్డం కాదు. అందుకే మూతకి తెరిస్తే చిరిగే స్టిక్కర్ కూడా వేస్తున్నాం. లాట్ అంతటికీ ఒకటే కోడ్, పెట్టెకో నంబర్ కావాలంటే ఇంక్‌జెట్ మెషీన్ ఉండాలి, అది నా తాహతు కాదు. ఎండ తగిలితే సిరా నీరసిస్తుంది కూడా. కిటికీలో పెట్టి ఉంచిన పెట్టె రెండు నెలలకి మసకబారింది. కొట్లో అలమారాలో ఉన్నవి బాగానే ఉన్నాయి.

ఐదుకి మూడున్నర ఇస్తున్నాను. మేస్త్రి గారు లేని రోజు వెళ్తే రెండు. వెళ్లేవాళ్లు మీ అట్ట, మీ టార్చ్ మీరే పట్టుకెళ్లి, ప్రూఫ్ మీ అట్ట మీదే వేయించుకోండి. పనికిరాని ఆ 500 పెట్టెల ఖర్చులో సగం తర్వాతి బిల్లులో సర్దుతానని ఓనర్ గారు మాటిచ్చారు. తర్వాతి బిల్లు నిన్న వచ్చింది. అందులో సర్దలేదు, "దసరా వెళ్లనివ్వండి మేడమ్" అన్నారు.