విశాఖలో చక్రాల కుర్చీతో: ఎక్కడ దారి ఉంది, ఎక్కడ లేదు

విశాఖపట్నంలో చక్రాల కుర్చీతో తిరగదలచినవారికి ముందుగా చెప్పవలసిన మాట ఒకటి ఉంది. ఈ ఊళ్లో సాయం చేసే మనుషులకు కొరత లేదు. ఆ సాయం అక్కరలేకుండా లోపలికి వెళ్లగలిగే కట్టడాలకే కొరత ఉంది. మా అక్కకు చిన్ననాడే పోలియో వచ్చి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. ఇంట్లోనూ, ఆఫీసులోనూ తన కుర్చీని తానే నడుపుకుంటుంది గనుక, ఊరు మారినంత మాత్రాన నలుగురి చేతుల మీద తిరగవలసి రావడం ఆమెకు ఎంతమాత్రం నచ్చదు.

రాజమహేంద్రవరం నుంచి రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ రైలులో వెళ్లాము. తోడు లేకుండా ప్రయాణించలేని శారీరక వైకల్యం ఉన్నవారికీ, వెంట వెళ్లే ఒకరికీ సెకండ్ క్లాసులోనూ, ఏసీ ఛైర్‌కార్‌లోనూ 75 శాతం రాయితీ ఉంటుంది. రైల్వే శాఖ ఇచ్చే రాయితీ కార్డు ముందుగా తీసుకుని ఉంటే ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో టికెట్ కొనుక్కోవచ్చు. విశాఖ స్టేషన్‌లో లిఫ్టులు ఉండడం వల్ల ప్లాట్‌ఫారం నుంచి బయటికి రావడం కష్టం కాలేదు.

కష్టమంతా బసలోనే ఎదురైంది. బీచ్ రోడ్డుకు దగ్గరలోని ఒక హోటల్ వారు చక్రాల కుర్చీకి అన్ని ఏర్పాట్లూ ఉన్నాయని ఫోన్‌లో చెప్పారు. తీరా వెళ్లి చూస్తే ముందు వాకిలికి మూడు మెట్లు, వాటి పక్కన ఒక ర్యాంపు ఉన్నాయి. మెట్ల ఎత్తు మొత్తం అడుగున్నర ఉంటే ర్యాంపు పొడవు ఆరడుగులు మాత్రమే ఉంది. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలన్నది ప్రమాణం. ఆ లెక్కన అక్కడ పద్ధెనిమిది అడుగుల ర్యాంపు ఉండాలి. అంత నిటారు వాలు మీద కుర్చీ ఎక్కేటప్పుడు ముందు చక్రాలు గాలిలోకి లేస్తాయి, దిగేటప్పుడు మనిషి ముందుకు పడిపోతుంది. కింద నిలబడ్డ కుర్రాడు ఎంతో మర్యాదగా, "పర్లేదు మేడమ్, నలుగురం పట్టుకుని ఎక్కించేస్తాం" అన్నాడు. "ఈ పూటకు ఎక్కిస్తావు బాబూ, రాత్రి బాత్‌రూమ్‌కు వెళ్లాలంటే ఎవరిని పిలవాలి?" అని అక్క అడిగింది. ఆ ప్రశ్న ఊరికే అడిగినది కాదని గదిలోకి వెళ్లాక తెలిసింది. బాత్‌రూమ్ తలుపు వెడల్పు ఇరవైనాలుగు అంగుళాలు, అక్క కుర్చీ వెడల్పు ఇరవైఆరు. ఆ పైన నాలుగు అంగుళాల గడప. మేము ఆ రాత్రి అక్కడ ఉండలేదు. అడ్వాన్సు తిరిగి ఇవ్వడానికి యాజమాన్యం ఒప్పుకోలేదు.

ఇది ఆ హోటల్ వారి దయాదాక్షిణ్యాల మీద ఆధారపడిన విషయం అయి ఉంటే నేను ఇంత వివరంగా రాసేవాణ్ణి కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉంది. ప్రభుత్వానిదైనా, ప్రైవేటుదైనా, ప్రజలు వచ్చిపోయే ప్రతి కట్టడమూ, అంటే వ్యాపార, ధార్మిక, వినోద స్థలాలు కూడా, ఆ చట్టం దృష్టిలో ప్రజా భవనమే. 44వ సెక్షన్ ప్రకారం ప్రమాణాలను పాటించని ప్లానుకు నిర్మాణ అనుమతి గాని, కట్టాక పూర్తయినట్టు ధ్రువపత్రం గాని ఇవ్వకూడదు. 45వ సెక్షన్ పాత భవనాలను కూడా వదిలిపెట్టలేదు. నియమాలు ప్రకటించిన నాటి నుంచి అయిదేళ్లలోగా వాటిని సవరించాలని చెప్పింది. నియమాలు 2017 జూన్‌లో వచ్చాయి గనుక, రాష్ట్రాలకు గడువు పొడిగించే వెసులుబాటు చట్టంలో ఉన్నప్పటికీ, ఆ అయిదేళ్లు 2022లోనే గడిచిపోయాయి. ఆ నియమాలలో కట్టడాల ప్రమాణాల గురించి చెప్పే 15(1) కేవలం సిఫారసులా ఉన్నదనీ, చట్టం కోరినది తప్పనిసరి ప్రమాణాలనీ సుప్రీంకోర్టు 2024 నవంబర్ 8న, చూపు లేని రాజీవ్ రటూరి వేసిన కేసులో తేల్చి, మూడు నెలల్లో కచ్చితమైన నియమాలు రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదికను హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం వైకల్య అధ్యయన కేంద్రం తయారుచేసిందన్న సంగతి తెలుగువారు గర్వంగా చెప్పుకోదగినది.

తరువాత దొరికిన బస ఒక సర్వీస్ అపార్ట్‌మెంట్. పెద్ద పేరున్నదేమీ కాదు. కాని గేటు నుంచి పడకగది దాకా ఒక్క మెట్టు లేదు, బాత్‌రూమ్ నేల గది నేలతో సమంగా ఉంది, తలుపులోంచి కుర్చీ సునాయాసంగా పట్టింది. కమోడ్ పక్కన పట్టుకోవడానికి కడ్డీ లేకపోవడం ఒక్కటే లోటు. ఫోన్ చేసినప్పుడు అక్కడి యజమానురాలు "ఏర్పాట్లు ఉన్నాయి" అని ఊరుకోకుండా, తలుపుకు టేపు పెట్టి ఫొటో తీసి వాట్సాప్‌లో పంపింది. బస వెతుక్కునేవారు ఎవరైనా ఆ ఫొటో అడగకుండా డబ్బు కట్టవద్దని నా సలహా.

ఉదయం వాహనాలు ఆపే వేళలో రామకృష్ణా బీచ్ రోడ్డు చక్రాల కుర్చీకి ఇచ్చే స్వేచ్ఛ ఊళ్లో మరెక్కడా లేదు. అక్క నన్ను వెనుక వదిలేసి చాలా దూరం వెళ్లిపోయింది. ఇసుకలోకి మాత్రం మామూలు కుర్చీ దిగదు. అక్కడే ఉన్న కురుసుర జలాంతర్గామి 1969 నుంచి 2001 వరకు నౌకాదళంలో పనిచేసి, 2002లో మ్యూజియం అయింది. లోపలికి మెట్లెక్కి వెళ్లాలి, గదికీ గదికీ మధ్య ఇరుకు ద్వారాలే. యుద్ధనౌకను యుద్ధనౌకగానే నిలపాలి గనుక ఆ ద్వారాలను కోసి వెడల్పు చేయమని నేను అడగను. అయితే అదే చట్టం మోయలేని భారం కాని సముచితమైన సర్దుబాటు చేయాలని కూడా చెబుతుంది. లోపలి గదులను నేల మీదే తెర మీద చూపించే ఏర్పాటు, చూపు లేనివారు చేతితో తడిమి తెలుసుకునే నమూనా ఒకటి ఉంటే, బయట ఆగిపోయినవారికీ నౌక చూసిన తృప్తి ఉంటుంది.

కైలాసగిరి పైదాకా వాహనం వెళుతుంది. పైనుంచి తీరం వంపు చూడడానికి కుర్చీలోంచి లేవవలసిన పని లేదు. బొర్రా గుహలలో దిగవలసినవన్నీ మెట్లే కనుక వెళ్లలేదు. కారు మాట్లాడుకునేటప్పుడు డిక్కీలో సీఎన్‌జీ సిలిండర్ ఉందా అని తప్పక అడగాలి. సిలిండర్ ఉంటే మడత పెట్టిన కుర్చీ కూడా అందులో పట్టదు. ఆటోవాళ్లు మాత్రం సీటు వెనుక తాడుతో కట్టి, దిగాక బ్రేకు వేసి మరీ అక్క ముందుకు తెచ్చి పెట్టారు.

తిరిగి వచ్చాక ఆ మొదటి హోటల్ ర్యాంపు, బాత్‌రూమ్ తలుపు కొలతలను ఫొటోలతో సహా జతచేసి, రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు అక్క తన పేరుతోనే ఫిర్యాదు రాసింది. చట్టాన్ని ఉల్లంఘించినవారికి 89వ సెక్షన్ కింద మొదటిసారి పదివేల రూపాయల వరకు, మళ్లీ ఉల్లంఘిస్తే యాభైవేల నుంచి అయిదు లక్షల వరకు జరిమానా పడవచ్చు. జరిమానా తనకు అక్కరలేదనీ, ర్యాంపు పొడిగించి తలుపు వెడల్పు చేయిస్తే చాలుననీ ఆ ఫిర్యాదు చివర రాసింది.