జాగ్రత్త: 'బుల్లిట్ మస్టాంగ్' అని అమ్మేది బుల్లిట్టూ కాదు, జీటీ కూడా కాదు

ఎవరి గురించో మీకు చెప్పక్కర్లేదు. 'బుల్లిట్' అనే హాలీవుడ్ సినిమాలోలాంటి ఆకుపచ్చ ఫోర్డ్ మస్టాంగ్ కారు ఫోటోలు గ్రూపు గ్రూపుకీ పెట్టి, కింద "సీరియస్ బయ్యర్స్ ఓన్లీ" అని రాసే మన తెలుగు అన్నయ్యే. పేరు రాస్తే లాయర్ నోటీసు పంపిస్తానన్నాడు కాబట్టి రాయడం లేదు. మీలో సగం మంది వాడి గరాజ్ ముందు నిలబడి ఫోటో దిగినవాళ్ళే. మిగతా సగం మంది దిగకముందే ఇది చదవండి.

యాడ్‌లో ఉన్నది ఇదీ: 1968 మస్టాంగ్ ఫాస్ట్‌బ్యాక్ (టాప్ వెనక్కి వాలుగా దిగే మోడల్), హైలాండ్ గ్రీన్ రంగు, 390 క్యూబిక్ అంగుళాల ఇంజిన్, నాలుగు గేర్ల మాన్యువల్, ఒరిజినల్ జీటీ (ఫ్యాక్టరీలోనే స్పోర్ట్స్ హంగులతో పుట్టింది), ఎస్ కోడ్. నేను కట్టింది 74,000 డాలర్లు. బేరం, వీడియో కాల్, అడ్వాన్సు, వైర్ ట్రాన్స్‌ఫర్, ట్రెయిలర్ మీద కారు డాలస్ రావడం, ఇదంతా అందరికీ తెలిసిన తతంగమే, వదిలేస్తున్నా.

తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క. ఆ ఏడాది మస్టాంగ్ మీద ఫ్యాక్టరీ కొట్టిన నంబర్లో (వీఐఎన్ అంటారు) మొదటి 8 అంటే 1968. తర్వాత ఆర్ అంటే శాన్ హోసే ఫ్యాక్టరీ. 02 అంటే ఫాస్ట్‌బ్యాక్. ఐదో అక్షరం ఇంజిన్, అసలు ధరంతా దాని మీదే. ఎస్ ఉంటే 325 హార్స్‌పవర్ 390. సి ఉంటే 195 హార్స్‌పవర్ 289, అంటే ఆ రోజుల్లో పిల్లల్ని స్కూల్లో దింపి ఆఫీసుకి వెళ్ళడానికి కొనుక్కున్న కారు.

సినిమాలో హీరో స్టీవ్ మెక్వీన్ నడిపిన కారు నంబరు 8ఆర్02ఎస్125559. అన్నయ్యకి అది కంఠతా వచ్చు, ఫోన్లో మంత్రంలా చదివి వినిపించాడు. 1974లో ఒక కుటుంబం దాన్ని 6,000 డాలర్లకి కొనుక్కుందనీ, 1977లో మెక్వీనే ఉత్తరం రాసి తిరిగి ఇమ్మన్నా ఇవ్వలేదనీ, 2020 జనవరిలో ఫ్లోరిడా వేలంలో అది ఫీజులతో కలిపి 37 లక్షల 40 వేల డాలర్లు పలికిందనీ చెప్పుకొచ్చాడు. వెతికి చూసుకున్నా. అన్నీ నిజాలే. వాడి టెక్నిక్కే అది. ఆ కారు గురించి ఒక్క అబద్ధం ఆడడు, అబద్ధాలన్నీ మనకి అమ్మే కారు గురించే.

ఇంకో తెలివి చూడండి. సినిమా కోసం ఆ కారుకి బ్యాడ్జీలన్నీ పీకేశారు. గ్రిల్‌లో గుర్రం ఉండదు, ఫాగ్ లైట్లు ఉండవు, జీటీ అక్షరాలు ఉండవు. నకిలీ చేసేవాడికి సగం పని సినిమావాళ్ళే చేసిపెట్టారు. "జీటీ బ్యాడ్జీలు ఏవన్నా?" అని అడిగితే "సినిమాలో ఉన్నాయా తమ్ముడూ?" అన్నాడు. గంగిరెద్దులా తలూపాను.

తర్వాత మార్టీ రిపోర్ట్ ఫోటో వచ్చింది. 1967 నుంచి ఫోర్డ్ తయారుచేసిన కార్ల రికార్డులు కెవిన్ మార్టీ దగ్గర ఉన్నాయి, నంబరిస్తే కారు ఏ ఇంజిన్‌తో, ఏ రంగుతో పుట్టిందో కాగితం ఇస్తారు. ఆ కాగితం మీద ఎస్ కోడ్ ఉంది, హైలాండ్ గ్రీన్ ఉంది. నంబర్లో చివరి నాలుగు అంకెల మీద మాత్రం వాడి బొటనవేలు ఉంది. గోరు సందులో గ్రీజు కూడా ఉంది. పాపం కష్టజీవి అనుకున్నా. వేలు తీసి ఇంకో ఫోటో పంపమంటే "ప్రైవసీ తమ్ముడూ, నంబర్లు కొట్టేస్తున్నారు ఇంటర్నెట్‌లో" అన్నాడు. డోర్ మీది ప్లేటు ఫోటో పంపాడు, దాని మీదా ఎస్ ఉంది. మనం చెప్పిన అక్షరాలు కొట్టి ఆ ప్లేట్లు కొత్తవి చేసిచ్చేవాళ్ళు ఉన్నారని నాకు తర్వాత తెలిసింది. టైటిల్, అంటే కారు ఓనర్‌షిప్ కాగితం, చూపించమంటే బ్యాంకులో ఉంది, డబ్బు పడగానే విడిపించి పంపిస్తా అన్నాడు.

కారు వచ్చాక ట్రాఫిక్‌లో వేడెక్కిపోతోందని మా దగ్గర్లోని ఒక పెద్దాయన షెడ్డుకి తీసుకెళ్ళా. ఆయన బానెట్ కూడా ఎత్తలేదు. ముందు అద్దంలోంచి ప్యాసింజర్ వైపు డ్యాష్ మీది చిన్న ప్లేటు చూశాడు, నా వైపు చూశాడు. "ఎస్ కోడ్ అని ఎవరు చెప్పారు?" అన్నాడు. ఐదో అక్షరం సి. ఆ ప్లేటు కారు దిగిన దగ్గర్నుంచీ నా కళ్ళెదురుగానే ఉంది. దాని మీది దుమ్ము మెత్తటి గుడ్డతో తుడిచింది కూడా నేనే!

పోనీ, ఇంజినైనా 390 కదా అన్నా. ఆయన నవ్వలేదు, మంచివాడు. మొదటి సిలిండర్ స్పార్క్ ప్లగ్ ఊడదీసి, ఆ కన్నంలోంచి సన్నటి చెక్కపుల్ల లోపలికి దించాడు. నన్ను పాన పట్టుకుని క్రాంక్ మెల్లగా తిప్పమన్నాడు. పుల్ల పైకి లేచింది, ఆగిన చోట పెన్సిల్‌తో గీత పెట్టాడు. ఇంకా తిప్పమన్నాడు. కిందికి దిగింది, మళ్ళీ గీత. రెండు గీతల మధ్య టేపు పెట్టి నా ముఖం ముందు పట్టుకున్నాడు. సరిగ్గా మూడున్నర అంగుళాలు. 390 అయితే 3.78 ఉండాలట. బయటి నుంచి చూస్తే అచ్చం 390లాగే ఉండి, పిస్టన్ మూడున్నర మాత్రమే నడిచేది 360. అది ఫోర్డ్ 1968 నుంచి 1976 దాకా పికప్‌లకి వేసిన ఇంజిన్. గడ్డిమోపులు మోసిన ఇంజిన్‌కి క్రోమ్ మూత పెట్టి నాకు మెక్వీన్‌ని అమ్మాడన్నమాట.

ఇంత జరిగినా నాకు అసలు మంట పుట్టింది షెడ్డులో కాదు, ఫోన్లో. డబ్బు పడేదాకా మొదటి రింగుకే ఎత్తి "చెప్పు తమ్ముడూ, తిన్నావా?" అనేవాడు. ఆ రోజు చాలాసార్లు చేస్తే ఎత్తాడు.

"అన్నా, ఇది ఎస్ కోడ్ కాదు, సి కోడ్."

కాసేపు ఏమీ లేదు. వెనక టీవీ సౌండ్ వినిపిస్తోంది. తర్వాత, "ఎవరండీ మాట్లాడేది?"

పేరు చెప్పా. ఏ కారో చెప్పా. "చూడండీ, నేను బుల్లిట్ స్టైల్ అన్నాను. ట్రిబ్యూట్ కారు అది" అన్నాడు. అంటే సినిమా కారుని చూసి అలా తయారుచేసిన నకలన్నమాట.

"యాడ్‌లో ఒరిజినల్ జీటీ అని రాశారు కదన్నా."

"ఆ యాడ్ ఇప్పుడు ఎక్కడుందండీ?"

నిజమే, లేదు. డబ్బు పడ్డ సాయంత్రమే తీసేశాడు. మరి మార్టీ రిపోర్ట్ సంగతేమిటంటే, "అది నాది ఇంకో కారుది. మీ కారుదని ఎక్కడైనా రాశానా?" అన్నాడు. గొంతులో తడబాటు లేదు. ఎన్నిసార్లు ఎంతమందికి చెప్పాడో ఈ మాట. నేనింకా ఏదో అంటుండగానే ఫోన్ పక్కకి పెట్టి, మ్యూట్ చేయకుండానే, పక్కన ఎవరితోనో అన్నాడు: "సినిమాలు చూసి కార్లు కొనడం, తర్వాత మన ప్రాణం తీయడం." ఇద్దరూ నవ్వారు. 74,000 డాలర్ల సంగతి ఎప్పటికైనా మర్చిపోతానేమో కానీ ఆ నవ్వు మర్చిపోను. వాడు తెలుగులోనే అన్నాడు, నాకు అర్థమవుతుందని తెలిసే అన్నాడు.

బిల్ ఆఫ్ సేల్‌లో "యాజ్ ఈజ్" (ఎలా ఉంటే అలాగే తీసుకుంటున్నాను) అని ఉంది, సంతకం నాది. టెక్సస్‌లో లాయర్ లేకుండా మనమే వెళ్ళి వాదించుకునే జస్టిస్ కోర్టులో పరిమితి 20,000 డాలర్లు. పైకోర్టుకి వెళ్తే లాయర్ ఫీజులకి ఇంకో మస్టాంగ్ వస్తుంది, సి కోడ్‌దైనా సరే. యాడ్ స్క్రీన్‌షాట్లు, ఛాట్లు, ఆ బొటనవేలి ఫోటో అన్నీ లాయర్‌కి పంపాను. ఇన్సూరెన్స్‌వాళ్ళు జీటీ అని ఒప్పుకుని కట్టిన విలువ వేరు, ఇప్పుడు వాళ్ళకీ ఫోన్ చేసి చెప్పాలి. మా ఆవిడ ఇంతవరకూ ఒక్క మాట అనలేదు. ఆ టెన్షన్ వేరే.

కారుని మాత్రం తిట్టను. రంగు బాగుంది, బాడీలో తుప్పు లేదు, హైవే ఎక్కితే గొంతు విప్పుతుంది. ట్రిబ్యూట్ కార్లు కొనడం తప్పు కూడా కాదు. సి కోడ్, పికప్ ఇంజిన్, సినిమా రంగు అని ఉన్నదున్నట్టు చెప్పి 45,000 అడిగుంటే సంతోషంగా ఇచ్చి, ఇంటికి తెచ్చి కొబ్బరికాయ కొట్టేవాణ్ణి. ఆ మాటకొస్తే ఆ సినిమా ఛేజ్‌లోనే ఒకే ఆకుపచ్చ బీటిల్ కారుని మళ్ళీ మళ్ళీ దాటుతుంటారు, విలన్ల డాడ్జ్ చార్జర్ కారుకి ఉన్నవాటికంటే ఎక్కువ వీల్ క్యాప్‌లు ఊడిపోతాయి. అక్కడే లెక్క కుదరలేదు, నాకేం కుదురుతుంది!

సరే, కొనేవాళ్ళకి. డ్యాష్ మీది నంబరు, డ్రైవర్ వైపు బానెట్ కింద లోపలి ఫెండర్ మీద కొట్టిన నంబరు, టైటిల్ మీది నంబరు, మూడూ ఒకే వీడియోలో ఆపకుండా చూపించమనండి. డోర్ ప్లేటుని లెక్కలోకి తీసుకోకండి. మార్టీ రిపోర్ట్ వాడు పంపింది కాదు, ఆ నంబరుతో మీరే తెప్పించుకోండి, ఈ ధరల ముందు దాని ఖర్చు ఎంతని. టైటిల్ బ్యాంకులో ఉందంటే బ్యాంకులోనే కూర్చుని డబ్బు కట్టండి. కారున్న ఊళ్ళోనే ఒక పాత మెకానిక్‌ని పట్టుకుని ఆ పుల్ల పరీక్ష చేయించండి.

ఇంకోటి. నిన్న రాత్రి వాడు కొత్త యాడ్ పెట్టాడు. నల్ల 1970 డాడ్జ్ చార్జర్, 2001లో వచ్చిన ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్ సినిమాలో కారులాంటిదట, ఒరిజినల్ ఆర్/టి (చార్జర్‌లో స్పోర్ట్స్ మోడల్), 440 ఇంజిన్ అట. ఆర్/టి అయితే నంబరు ఎక్స్ఎస్29తో మొదలవ్వాలి, 440 మాగ్నమ్ అయితే ఐదో అక్షరం యు ఉండాలి. ఎక్స్‌హెచ్ అనో ఎక్స్‌పీ అనో ఉంటే అది ఆర్/టి కాదు. వాడు పెట్టిన ఫోటోల్లో డ్యాష్ మీద ఆ నంబరుండే చోట సరిగ్గా ఒక నిమ్మకాయ పెట్టి ఉంది.