బ్లడ్ ఆన్ ద ట్రాక్స్: న్యూయార్క్ టేపులా, మినియాపొలిస్ టేపులా?

అమెరికన్ గాయకుడు బాబ్ డిలన్ ఈ ఆల్బమ్‌ని 1974 సెప్టెంబరులో న్యూయార్క్‌లో రికార్డు చేసి, డిసెంబరులో ఐదు పాటలు మినియాపొలిస్‌లో మళ్ళీ పాడాడు. 1975 జనవరిలో విడుదలైన రికార్డులో సగం అక్కడివి, సగం ఇక్కడివి.

న్యూయార్క్ టేపుల్లో ఎక్కువగా గిటారు, బేస్ మాత్రమే. హెడ్‌ఫోన్స్‌లో వింటే కోటు గుండీలు గిటారుకి తగిలే టకటక కూడా తెలుస్తుంది. మినియాపొలిస్‌లో డ్రమ్స్, ఆర్గన్ చేరాయి. అక్కడ ‘ఇడియట్ విండ్’ కోపంతో ఊగిపోతుంది. న్యూయార్క్‌లో అదే పాట గొంతు దించుకుని చెప్పుకున్న బాధ. నా ఓటు దానికే. ‘టాంగిల్డ్ అప్ ఇన్ బ్లూ’కి మాత్రం మినియాపొలిస్ ఊపే కావాలి.

వాయించేవాళ్ళకి అసలు తేడా ట్యూనింగ్‌లో ఉంది. న్యూయార్క్ తీరుకి ఒకటో, ఆరో తీగలు ‘డి’కి, రెండోది ‘ఎ’కి, మూడోది ‘ఎఫ్ షార్ప్’కి దించి, రెండో ఫ్రెట్‌లో (మెడ మీది రెండో మెట్టులో) కాపో, అంటే తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు, పెట్టాలి. కాపో లేకుండా నేరుగా ఓపెన్ ‘ఇ’కి (వేళ్ళు పెట్టకుండా మీటినా ‘ఇ’ కార్డ్ పలికేలా) బిగిస్తే తీగలు తెగొచ్చు. మినియాపొలిస్ ‘టాంగిల్డ్’కి మామూలు ట్యూనింగే, ‘ఎ’ కీ.

పాత రికార్డుతో కలిపి వాయిస్తే న్యూయార్క్ పాటలు కాస్త పై శ్రుతిలో ఉన్నట్టు అనిపిస్తాయి. టేపు వేగం కొద్దిగా పెంచారు. 2018లో వచ్చిన ‘మోర్ బ్లడ్, మోర్ ట్రాక్స్’లో అసలు వేగమే ఉంది, సాధనకి అది పెట్టుకోండి.