పాత స్విఫ్ట్ కారుకు కేవైబీ ఎక్సెల్-జీ షాకులు (షాక్ అబ్జార్బర్లు): 4/5

ఇవి ట్విన్ ట్యూబ్ రకం, అంటే గొట్టంలో గొట్టం. లోపల నూనెతో పాటు తక్కువ ఒత్తిడి నైట్రోజన్ ఉంటుంది. అందుకే వరస గతుకుల్లో నూనె నురగ కట్టడం తక్కువ, పట్టు త్వరగా సడలదు. కుంగిన స్ప్రింగును మాత్రం ఇవి లేపవు. ఆ ఆశతో కొనొద్దు.

ముందు చక్రాల షాకులు జతగానే మార్చాలి. పైన బిగించే మౌంటు, దాని బేరింగు, బంప్ స్టాప్ (షాకు పూర్తిగా కుంగితే తాకే దిమ్మ) పాతవే వేస్తే టకటక చప్పుడు అలాగే ఉంటుంది. స్ప్రింగును నొక్కిపట్టే కంప్రెసర్ కొక్కేలు రెండూ ఎదురెదురుగా పట్టించి, స్ప్రింగు పై సీటు వదులయ్యాకే నడిమి నట్టు విప్పండి. ముందే విప్పితే స్ప్రింగు ఎగిరి ప్రాణం మీదికొస్తుంది. షాకు రాడ్డును ప్లయర్‌తో పట్టుకుంటే గీత పడి సీలు కారుతుంది, కొత్త షాకు దండగ.

వెనక షాకు కింది బోల్టును చక్రాలు నేలకు ఆనాకే పూర్తిగా బిగించాలి; గాల్లో బిగిస్తే రబ్బరు బుష్ మెలిపడి చిరుగుతుంది. తర్వాత వీల్ అలైన్‌మెంట్ తప్పదు.